ఉచితమని ఇచ్చిన క్రెడిట్ కార్డుకు వార్షిక రుసుము కట్టాలా?

ప్రశ్న (బైరాగిపట్టెడ, తిరుపతి):
మా నాయనగారు విశ్రాంత ఉపాధ్యాయులు. పింఛను పని మీద బ్యాంకుకు వెళ్ళినప్పుడు, అక్కడ బల్ల వేసుకుని కూర్చున్న ఒక యువకుడు జీవితాంతం ఉచితమని చెప్పి క్రెడిట్ కార్డు దరఖాస్తు మీద సంతకం పెట్టించుకున్నాడు. ఆ కార్డును ఆయన ఒక్కసారైనా గీకలేదు, కవరుతో సహా బీరువాలోనే ఉంది. పద్నాలుగో నెలలో 499 రూపాయల వార్షిక రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 588 రూపాయల 82 పైసలకు బిల్లు వచ్చింది. శాఖలో అడిగితే కార్డుల విభాగం తమ చేతిలో లేదంటున్నారు. వాడని కార్డుకు రుసుము అడగడం న్యాయమేనా? కట్టకుండా ఊరుకోవచ్చా?

సమాధానం (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, చిత్తూరు):
రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం, జారీ అయిన 30 రోజులు దాటినా కార్డును యాక్టివేట్ చేయకపోతే బ్యాంకు ఓటీపీ ద్వారా సమ్మతి అడగాలి. సమ్మతి రాకపోతే ఏడు పనిదినాల్లో, ఖాతాదారుపై పైసా భారం పడకుండా కార్డు ఖాతాను మూసివేయాలి. మీ నాయనగారు ఎవరికైనా ఓటీపీ చెప్పారేమో ముందు కనుక్కోండి.

అడిగినవారు:
కనుక్కున్నానండి. కార్డు వచ్చిన వారంలోనే ఆ యువకుడు ఫోన్ చేసి, పరిశీలన కోసమంటూ ఓటీపీ నంబరు అడిగితే చెప్పేశారట.

సమాధానం (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి):
అయితే బ్యాంకు దానినే సమ్మతిగా చూపిస్తుంది. అయినా మీ వాదన వీగిపోలేదు. ఉచితంగా ఇచ్చే కార్డుకు దాపరికపు ఛార్జీలు ఉండకూడదని ఆ ఆదేశాలే చెబుతున్నాయి. ఏజెంటు చేసిన పనికి బ్యాంకే బాధ్యురాలు. ఏడాదికి మించి వాడని కార్డు విషయంలో, ఖాతాదారుకు తెలియజేసి మూసివేత మొదలుపెట్టవలసిందీ బ్యాంకే. సంతకం చేసిన దరఖాస్తు ప్రతిని రాతపూర్వకంగా అడగండి. అందులో రుసుము ప్రస్తావన ఎక్కడ, ఎంత సన్నటి అక్షరాల్లో ఉందో చూస్తే మీకే అర్థమవుతుంది.

సమాధానం (దుకాణదారు, శ్రీకాళహస్తి):
రుసుము వసూలు చేయడమే అన్యాయమంటే నేను ఒప్పుకోను. వాడుకునేవారికి కార్డు వల్ల లాభమూ ఉంది. ఏడాదికి ఇంత మొత్తం ఖర్చు పెడితే రుసుము మాఫీ అనే షరతే నాకు ఎబ్బెట్టుగా తోస్తుంది. కార్డు గీకిన ప్రతిసారీ మా వంటి దుకాణాల నుంచి కమీషన్ వస్తుంది కనుక ఎక్కువ ఖర్చు చేసేవారికి మాఫీ, అప్పు జోలికే పోని పింఛనుదారుకు బిల్లు! వ్యాపారమంటే అంతేనని సరిపెట్టుకున్నా, ఆ మాట సంతకానికి ముందే చెప్పవలసింది.

కట్టకుండా మాత్రం ఊరుకోవద్దు. గడువు దాటి మూడు రోజులు మించితే ఆలస్య రుసుము పడుతుంది, అప్పుల చరిత్రను నమోదు చేసే క్రెడిట్ బ్యూరోకు బకాయిగా చేరవచ్చు. అభ్యంతరం తెలుపుతూ కట్టి, అదే లేఖలో రుసుము వాపసునూ ఖాతా మూసివేతనూ కోరండి. బకాయి లేకపోతే ఏడు పనిదినాల్లో మూయాలి. జాప్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే మీకు చెల్లించాలి. ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో, రుసుమేమీ లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. కార్డును ముక్కలు చేసి పారేస్తే ఖాతా మూసినట్టు కాదు, మూసివేసినట్టు బ్యాంకు నుంచి సందేశం వచ్చేదాకా లేఖ ప్రతిని దాచుకోండి.