చర్చ: కెనడాకు వచ్చిన తొలి ఫ్రెంచివారిని ఆదివాసుల మిత్రులు అనవచ్చా?

సంధ్యారాగం:
అనవచ్చనే నా అభిప్రాయం. అకేడియా అనే ఫ్రెంచి వలస ప్రాంతపు రైతులను చూడండి. 17వ శతాబ్దంలో, ఇప్పటి నోవా స్కోషియాలో స్థిరపడినవారు. అక్కడి ఆదివాసులైన మిక్‌మాక్ ప్రజలు వేటాడే అడవిని పెద్దగా నరకలేదు. సముద్రపు పోటుకు మునిగే చిత్తడి నేలకు మట్టికట్ట పోసి, దాని అడుగున చెక్క తూము పెట్టారు. తూములో వేలాడే తలుపు ఒకటి ఉంటుంది. ఆటు వేళ లోపలి వాననీరు తోస్తే తెరుచుకుంటుంది, పోటు వచ్చిందంటే ఆ ఉప్పునీరే దాన్ని మూసేస్తుంది. కొన్నేళ్ళ వానలకు ఉప్పు విరిగాక గోధుమ పండేది. ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కోకుండా సంపాదించుకున్న పొలం అది.

కొండగాలి:
సంధ్యారాగం గారూ, ఆ చిత్తడిలోనే మిక్‌మాక్‌లు నీటిపక్షులను వేటాడేవారు. కాబట్టి అది ఎవరికీ అక్కరలేని నేల కాదు. పైగా అసలు కథ ఇంకా ముందే మొదలైంది. 1535-36 చలికాలంలో ఫ్రెంచి నావికుడు కార్టియే ఓడలు నేటి క్యూబెక్ దగ్గర మంచులో చిక్కుకున్నాయి. విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బుతో చిగుళ్ళు కుళ్ళి, సుమారు 110 మందిలో 25 మంది పోయారు. అక్కడి ఆదివాసుల ఊరైన స్టాడకోనాకు పెద్ద డొన్నకోనా కొడుకు డొమగయా ఒక చెట్టు మందు చెప్పాడు. ఇద్దరు స్త్రీలు వెళ్ళి కొమ్మలు తెచ్చి, ఆకూ బెరడూ ఎలా కాచాలో చూపించారు. ఆ కషాయంతో మిగిలినవారు లేచి తిరిగారు. మంచు కరగగానే కార్టియే ఏం చేశాడు? డొన్నకోనాను, కొడుకులతో సహా బంధించి ఫ్రాన్స్‌కు తీసుకుపోయాడు. ఆ పెద్దాయన అక్కడే కన్నుమూశాడు. ప్రాణం పోసినవారికి జరిగిన మర్యాద ఇది!

సంధ్యారాగం:
అది ఘోరం, కాదనను. కానీ 1608లో క్యూబెక్ వెలిశాక పరిస్థితి మారింది కదా. భూర్జ బెరడు పడవ, మంచుచెప్పులు ఆదివాసుల దగ్గరే నేర్చుకున్నారు. 1701లో మాంట్రియల్‌లో దాదాపు 40 జాతులతో శాంతి ఒప్పందం చేసుకున్నారు.

కొండగాలి:
గుప్పెడు మంది వచ్చారు, వ్యాపారానికి బీవర్ అనే జంతువు బొచ్చు కావాలి, నేర్చుకోక తప్పలేదు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే పాదులో పండించిన వెండాట్ అనే ఆదివాసుల్లో 1634-40 మధ్య ఐరోపావారి ద్వారా వచ్చిన అంటురోగాలకు దాదాపు సగంమంది పోయారు. ఎవరూ కావాలని చేయలేదు, నిజమే. అయినా అవసరాన్ని స్నేహం అంటే నా మనసు ఒప్పదు.

సంధ్యారాగం:
వ్యాపారుల విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. రైతుల విషయంలో మాత్రం ఒప్పుకోలేను. 1755లో బ్రిటిష్ సైన్యం అకేడియన్లను ఓడలెక్కించి తరిమినప్పుడు, అడవుల్లోకి పారిపోయినవారికి దారి చూపి దాచినది ఆ మిక్‌మాక్‌లే.