కాన్పుకు ముందే కన్వర్టిబుల్ ప్రామ్ కొనాలా, ఆగాలా?

తొలి కాన్పు:
నాకిప్పుడు ఏడో నెల. మార్చి చివరి వారం డేట్ ఇచ్చారు. మేముండేది మియాపూర్‌లో, అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తు. కాన్పుకి తణుకులో మా అమ్మావాళ్లింటికి వెళ్తున్నాను, ఐదో నెల వచ్చాక బిడ్డతో తిరిగొస్తాను. మా ఆయన ఒక కన్వర్టిబుల్ ప్రామ్, అంటే రూపం మార్చుకోగల చంటిపిల్లల బండి చూసిపెట్టారు. మొదట్లో అది బాసినెట్, అంటే బిడ్డని పడుకోబెట్టే తొట్టి. కూర్చోవడం వచ్చాక అదే సీటుగా మారుతుంది. 18 వేలు. "ఒకసారి కొంటే మూడేళ్లు చూసుకోనక్కర్లేదు" అంటారు ఆయన. మా అత్తయ్యగారేమో "పుట్టకముందే బిడ్డ సామాను ఇంట్లోకి తేకూడదు. అయినా చంటిబిడ్డని బండిలో తోయడమేంటి, ఎత్తుకోవడానికి మేం లేమా" అంటున్నారు. ఇద్దరి మాటా తీసెయ్యలేకపోతున్నాను. వాడినవాళ్లు చెప్పండి.

కూకట్‌పల్లి నాన్న:
కొనండి. మా ఆవిడకి ఆపరేషన్ అయింది. బిడ్డ బరువుకి మించి ఏదీ ఎత్తొద్దని డాక్టరు ఆరు వారాలు చెప్పారు. మేం మా ఫ్లాట్‌లో బాసినెట్‌ని చక్రాల మంచంలా వాడాం. పొద్దున పడగ్గదిలో, పది గంటలకి వంటింటి గుమ్మం దగ్గర, సాయంత్రం బాల్కనీలో. పాపకి పాలు పట్టాల్సి వస్తే ఆవిడ వంగకుండానే చేతికందేది. మూడో నెల దాటాక సాయంత్రం ఆరింటికి కింద సెల్లార్ పక్కన నేనే తిప్పేవాణ్ణి. పాప నావైపు చూస్తూ పడుకునేది. ఆ అరగంట మా ఆవిడ నిద్రపోయేది. మాకు ఆ అరగంట విలువ 18 వేల కంటే ఎక్కువే.

బెజవాడ అమ్మమ్మ:
అమ్మాయ్, నేను ముగ్గుర్ని పెంచాను, నలుగురు మనవలకి నీళ్లు పోశాను. ఏ ఒక్కరికీ బండి లేదు. ఇరవై ఒకటో రోజు బారసాలకి ఉయ్యాల్లో వేశాం, తర్వాత చీర ఉయ్యాల, లేదంటే భుజం మీద. మా అబ్బాయి ఇంట్లో పెద్ద బండి ఒకటి కొన్నారు. మడిచినా తలుపు వెనక పట్టలేదు, అటక ఎక్కించారు. ఇప్పటికీ అక్కడే ఉంది. ఎత్తుకుంటే పిల్లలు చెడిపోతారన్న మాట నేను నమ్మను. చంటిదానికి ఒంటి వెచ్చదనం కావాలి. మూడో నెల దాకా అసలు గడప దాటించం కదా, ఇక ఆ తొట్టి ఎక్కడికి తోస్తావు?

ఈస్ట్‌హామ్ అక్క:
అమ్మమ్మగారూ, మీ దగ్గర ఎత్తుకునే చేతులు పది ఉన్నాయి. ఇక్కడ లండన్‌లో నాకున్నవి రెండే. అమ్మకి వీసా వచ్చేసరికి మా బాబుకి నాలుగో నెల. పదో రోజునుంచే వాణ్ణి బండిలో వేసుకుని కూరగాయలకి వెళ్లాను. కాబట్టి అవసరం లేదని అందరికీ ఒకటే మాట చెప్పలేం.

ఇక్కడ మాటల్లో ఒక తేడా ఉంది, చెల్లీ, అది నీకు పనికొస్తుంది. ప్రామ్ అంటే బిడ్డ వెల్లకిలా చదునుగా పడుకునేది. కూర్చునేదాన్ని పుష్‌చైర్ అంటారు. మన షాపుల్లో రెండింటినీ ప్రామ్ అనే అమ్ముతారు. "పుట్టినప్పటి నుంచీ వాడొచ్చు" అని పెట్టె మీద ఉన్నా, సీటు వెనక్కి పూర్తిగా వాలుతుందో లేదో నువ్వే చూడాలి. మెడ నిలవని బిడ్డ ఏటవాలుగా కూర్చుంటే తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరి దారి ఇరుకవుతుంది. దాదాపు ఆరో నెల దాకా చదునే ముఖ్యం.

ఇంకోటి, మడత. బస్సుల్లో వీల్‌చైర్ చోటులో బండి పెట్టుకుని, వీల్‌చైర్ మనిషి వచ్చినా ఒక తల్లి జరగనందుకు 2012లో ఇక్కడ పెద్ద కేసయింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2017లో తీర్పు వచ్చింది. ఆ తల్లి చెప్పిన కారణం బిడ్డ నిద్రపోతున్నాడని, బండి మడత పడదని. ఆ వార్త చదివాక నేను కొన్నది ఒక చేత్తో మడిచేది. షాపులో బిడ్డ బదులు బ్యాగు చంకనెత్తుకుని మడిచి చూశాను.

మణికొండ నుంచి:
నేను ఇలాంటిదే కొని బాధపడ్డాను, అందుకే రాస్తున్నాను. బిడ్డ మనవైపు చూడాలంటే మాది సీటు తిరిగేది కాదు, హ్యాండిల్ అటూ ఇటూ తిరిగేది. ఫోటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. హ్యాండిల్‌ని బిడ్డవైపు తిప్పగానే, ముందు గింగిరాలు తిరిగే చిన్న చక్రాలు వెనక్కి, మన కాళ్ల దగ్గరికి వస్తాయి. బండి పక్కలకి కొట్టుకుపోతుంది. చక్రాలకి లాక్ వేస్తే మలుపు దగ్గర బండిని ఎత్తి తిప్పాలి. బండి 11 కిలోలు, పాప ఆరు. స్పీడ్ బ్రేకర్ దగ్గర ప్రతిసారీ ముందు చక్రాలు లేపాలి. ఫుట్‌పాత్ మీదేమో ఒకచోట ట్రాన్స్‌ఫార్మర్, ఒకచోట ఇడ్లీ బండి, ఒకచోట పలక ఊడిన గుంత. రోడ్డు మీదకి దిగితే పాప మొహం సరిగ్గా ఆటోల పొగగొట్టం ఎత్తులో ఉంటుంది. ఇంగ్లండ్‌లో సర్రే విశ్వవిద్యాలయం వాళ్లు, ఎత్తు తక్కువ బండ్లలో పిల్లలకి పెద్దవాళ్లకంటే 44 శాతం దాకా ఎక్కువ కాలుష్యం తగలొచ్చని చెప్పారు. అది చదివిన రోజునుంచి మెయిన్ రోడ్డు మీద తోయడం మానేశాను.

అసలు విషయం ఎవరూ అనలేదు. మీరు ఐదో నెల దాకా తణుకులోనే ఉంటానన్నారు. బాసినెట్ పనికొచ్చేది బిడ్డ తనంతట లేవడానికి ప్రయత్నించే వరకే, అంటే ఐదారు నెలలు. ఆ నెలలన్నీ బండి మియాపూర్‌లో అట్టపెట్టెలో ఉంటుంది. మీరు తిరిగొచ్చేసరికి దాని మొదటి రూపం కాలం చెల్లిపోతుంది. మారే బండి అని ఎక్కువ డబ్బు పెట్టి, మీరు వాడేది మారాక మిగిలేది మాత్రమే.

తొలి కాన్పు:
ఇది నాకు తట్టనే లేదండీ. మా ఆయనకి చదివి వినిపించాను. "అయితే బండి తణుకుకే పంపుదాం" అన్నారు. కానీ అక్కడ వీధి గుమ్మానికి మూడు మెట్లు, ముందు మురుగు కాలవ మీద రాతి పలక. పైగా ఏప్రిల్, మే ఎండలు.

పిల్లల వార్డు నర్సు:
ఎండ మాట వచ్చింది కాబట్టి. బండిలో బిడ్డని పడుకోబెట్టి ఎండ తగలకుండా పైన చున్నీ కప్పడం చాలామంది చేస్తారు. దయచేసి చెయ్యొద్దు. 2014లో స్వీడన్‌లో ఒక పత్రిక వాళ్లు కొలిచారు. కప్పకుండా 22 డిగ్రీలున్న బండి, పల్చటి గుడ్డ కప్పితే అరగంటలో 34, గంటకి 37 అయింది. అది స్వీడన్ ఎండ. మన మే నెలలో ఎంతవుతుందో వేరే చెప్పాలా? దోమతెర వేయండి, గాలి ఆడుతుంది. గుడ్డ వద్దు.

రెండోది, ఆవాల దిండు. తొట్టిలో అడుగున గట్టి పరుపు తప్ప దిండు, బొంత, బొమ్మ ఏదీ ఉండకూడదు. బిడ్డ వెల్లకిలా పడుకోవాలి. రాత్రంతా నిద్రకి బాసినెట్ వాడొచ్చో లేదో కంపెనీ పుస్తకంలో రాస్తారు. రాయకపోతే వాడొద్దు. సీటు రూపంలోకి మార్చాక ఐదు పట్టీల బెల్టు తప్పనిసరి, ఇంట్లో అయినా సరే. హ్యాండిల్‌కి కూరగాయల సంచి తగిలించొద్దు. బిడ్డని తీయగానే బండి వెనక్కి పడిపోతుంది.

బెజవాడ అమ్మమ్మ:
ఆవాల దిండు లేకపోతే తల గుండ్రంగా ఎలా వస్తుందమ్మా? మా పిల్లలందరికీ అదే పెట్టాను.

పిల్లల వార్డు నర్సు:
అమ్మమ్మగారూ, మీరు పక్కనే కూర్చుని చూసుకున్నారు, అది నిజం. దిండు జరిగి ముక్కుకి అడ్డుపడితే చంటిబిడ్డ తల తిప్పుకోలేదు, అదే నా భయం. తల గుండ్రానికి వేరే దారి ఉంది. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్లముందు కాసేపు బోర్లా వేయండి. పడుకోబెట్టేటప్పుడు ఒకరోజు తల కుడికి, ఒకరోజు ఎడమకి తిప్పండి. చీర ఉయ్యాల గురించి కూడా ఒక మాట. బిడ్డ అందులో ముడుచుకుపోయి గడ్డం ఛాతీకి తగులుతుంది. ఈస్ట్‌హామ్ అక్కగారు చెప్పిన ప్రమాదమే ఇది. చీర ఉయ్యాల్లో వేసి పక్క గదిలోకి వెళ్లొద్దు.

బెజవాడ అమ్మమ్మ:
పక్కనే ఉండాలన్నది ఒప్పుకుంటాను. దిండు సంగతి మా కోడలితో మాట్లాడతాను. అది కూడా నీలాగే అంటోంది.

ఈస్ట్‌హామ్ అక్క:
చెల్లీ, ఐదో నెలలో తణుకు నుంచి మియాపూర్‌కి ఎలా వస్తారు? కారులో అయితే ఏడెనిమిది గంటలు. ఆ రోజు నీకు కావలసింది ప్రామ్ కాదు, పసిపిల్లల కార్ సీటు. కారులో తల్లి ఒడి కాపాడదు. సడన్ బ్రేక్ పడితే ఏ చెయ్యీ బిడ్డని ఆపలేదు. మన దగ్గరా 2019 మోటారు వాహనాల చట్ట సవరణలో 14 ఏళ్లలోపు పిల్లలకి బెల్టో, పిల్లల సీటో ఉండాలని, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని పెట్టారు. కొన్ని కన్వర్టిబుల్ ప్రామ్‌ల చట్రం మీదే కార్ సీటు బిగుస్తుంది, కానీ అందులో బిడ్డని గంటల తరబడి ఉంచకూడదు. రెండు గంటలకోసారి, ఏలూరు దాటాకో సూర్యాపేటలోనో ఆగి, తీసి చదునుగా పడుకోబెట్టండి. ఉన్న డబ్బులో ఒకటే కొనగలిగితే ముందు కార్ సీటు కొనండి.

కూకట్‌పల్లి నాన్న:
కార్ సీటు మాట ఒప్పుకుంటాను. కానీ మణికొండవారి లెక్కలో ఒకటి తప్పిపోయింది. తణుకు ఇంటి లోపల నేల సమంగానే ఉంటుంది కదా. బాలింతరాలికి ఇంట్లోనే చక్రాల తొట్టి ఎంత సాయమో నేను చూశాను. వీధిలో తిప్పడం ఒక్కటే బండి పని కాదు.

మణికొండ నుంచి:
అంతమాత్రానికి కొత్తది ఎందుకండీ? చుట్టాల్లో ఏడాది బిడ్డ ఉన్నవాళ్లని అడిగితే తొట్టి దొరుకుతుంది. మా బాసినెట్ ఐదు నెలలు వాడినా కొత్తదానిలాగే ఉంది. తీసుకునేటప్పుడు కింద అడ్డపట్టీ, బిగింపులు, బ్రేకు చూసుకుంటే చాలు. ఒక్క కార్ సీటు మాత్రం పాతది తీసుకోవద్దు. యాక్సిడెంట్ చూసిందో లేదో బయటికి తెలియదు.

తొలి కాన్పు వాళ్లాయన:
నమస్కారం. ఇదంతా చదివాను. నాకు ప్రామ్ మీద ఎందుకింత పట్టుదల అని మా ఆవిడ అడిగింది. నేను శుక్రవారం రాత్రి బస్సెక్కి శనివారం పొద్దున తణుకులో దిగుతాను, ఆదివారం రాత్రి మళ్లీ బస్సు. ఐదు నెలలు ఇంతే. అక్కడ స్నానం, పాలు, నిద్ర అన్నీ అత్తయ్యగారు, పక్కింటి పెద్దావిడ చూసుకుంటారు. నేను ముందు గదిలో కుర్చీలో కూర్చుంటాను. బండి ఉంటే కనీసం దాన్ని తోసే పని నాదవుతుంది అనుకున్నాను. చంటిబిడ్డని ఎత్తుకోవడం నాకు భయం. ఎప్పుడూ ఎత్తుకోలేదు.

బెజవాడ అమ్మమ్మ:
బాబూ, ఈ మాట ముందే చెప్పాల్సింది. మా రోజుల్లో మగవాళ్లని పురిటి గది దాటనివ్వలేదు, అది మా తప్పు. శనివారం దిగగానే కాళ్లూ చేతులూ కడుక్కుని, చాప మీద గోడకి ఆనుకుని కూర్చో. నిలబడి ఎత్తుకోకు, కూర్చునే తీసుకో. ఒక అరచెయ్యి మెడ కింద, ఒకటి పిరుదుల కింద. మీ అత్తగారిని పక్కన కూర్చోమను. రెండు శనివారాల్లో భయం పోతుంది.

కూకట్‌పల్లి నాన్న:
తమ్ముడూ, నేనూ మొదటి నెల అంతా వణికాను. పాలు తాగాక భుజం మీద వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమిరే పని అడిగి తీసుకో. ఎవరూ కాదనరు.

తొలి కాన్పు:
ఆయన ఇంతసేపూ ఇది నాతో అనలేదు. ఇప్పటికి మేమనుకున్నది ఇదీ. ప్రామ్ ఆర్డర్ పెట్టడం లేదు. మా పిన్ని కూతురి దగ్గర బాసినెట్ ఉందట, తణుకులో ఇంటి లోపల వాడుకోవడానికి అది తెప్పిస్తాం. కార్ సీటు డబ్బు పక్కన పెట్టాం, బిడ్డ పుట్టాకే కొంటాం, అత్తయ్యగారికీ ఇబ్బంది ఉండదు. ఆగస్టులో తిరిగొచ్చాక సీటు పూర్తిగా వాలే తేలికపాటి బండి చూస్తాం. కాకపోతే ఆయన మాత్రం హ్యాండిల్ కాదు, సీటే తిరిగేది కావాలంటున్నారు. తోస్తున్నప్పుడు బిడ్డ తనవైపు చూడాలట. మా లిఫ్టు తలుపు ఎంత వెడల్పుందో రేపు కొలిచి రాస్తాను. అందులో పట్టే మోడల్ ఎవరైనా వాడుతుంటే చెప్పండి.