బంధం లేని ఫ్లోరిన్-15కు శక్తి స్థాయిలు ఉన్నాయని ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: ఎమ్మెస్సీ విద్యార్థిని, అనంతపురం

సెమినారుకు ఫ్లోరిన్-15 కేంద్రకాన్ని ఎంచుకున్నాను. తొమ్మిది ప్రోటాన్లు, ఆరు న్యూట్రాన్లు గల ఈ కేంద్రకం ఏర్పడిన వెంటనే ఒక ప్రోటాన్‌ను వదిలేసి ఆక్సిజన్-14గా మారిపోతుందని చదివాను. క్షణమైనా నిలవని దానికి శక్తి స్థాయిలు ఉన్నాయని ఏ ఆధారంతో చెబుతారు? ప్రయోగంలో ఆక్సిజన్-14 అయాన్ల పుంజాన్ని పాలీఇథిలీన్‌లోని హైడ్రోజన్ కేంద్రకాలతో, అంటే ప్రోటాన్లతో, ఢీకొట్టిస్తారట. పలుచని రేకుకు బదులు, పుంజం పూర్తిగా ఆగిపోయేంత మందమైన పాలీఇథిలీన్ లక్ష్యాన్ని ఎందుకు వాడతారన్నది కూడా నాకు అంతుపట్టలేదు. పుంజం లోపలే ఆగిపోతే, ఏ శక్తి దగ్గర ఢీకొన్నదో ఎలా తెలుస్తుంది? పెద్దలు దయచేసి వివరించగలరు.

జవాబు: అధ్యాపకుడు, కడప

అమ్మా, మొదట "నిలవడం" అనే మాటను చూద్దాం. ఒక స్థితి వెడల్పు (దాని శక్తిలోని అనిశ్చితి) అర ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) ఉంటే దాని ఆయుష్షు సుమారు 1.3×10⁻²¹ సెకన్లు. మన దృష్టిలో అది శూన్యమే, కానీ ఒక ప్రోటాన్ కేంద్రకాన్ని దాటడానికి పట్టే కాలం అంతకంటే తక్కువ. ఆక్సిజన్-14, ప్రోటాన్ సరైన శక్తితో కలిసినప్పుడు కాసేపు కలిసి ఉండి విడిపోతాయి. ఆ శక్తి దగ్గర పరిక్షేపణ (ఢీకొని చెదిరిపోవడం) సంభావ్యత ఒక్కసారిగా మారుతుంది. దానినే అనునాదం అంటాం. కూలుంబ్ పరిక్షేపణతో (విద్యుదావేశాల వికర్షణ వల్ల జరిగేది) అది వ్యతికరణం చెందుతుంది కాబట్టి గ్రాఫులో శిఖరంతో పాటు పక్కన గొయ్యి కూడా కనిపించవచ్చు. ఆ ఆకారాన్ని ఆర్-మాత్రిక అనే గణిత పద్ధతిలో సరిపోల్చి స్థాయి శక్తిని, వెడల్పును, స్పిన్‌ను రాబడతారు.

ఇక మందమైన లక్ష్యం సంగతి. కడప నుంచి రాయచోటికి వెళ్తూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కే బరువు లారీని ఒక్కసారి గమనించండి. మలుపు మలుపుకూ వేగం తగ్గుతూ పోతుంది, అదే దారిలో మోటారు సైకిలు దానిని దాటి పైకి వెళ్లిపోతుంది. ఆక్సిజన్ అయాను ఆ లారీ వంటిది, ప్రోటాన్ ఆ మోటారు సైకిలు వంటిది. ఒకే వేగం దగ్గర అయాను శక్తి నష్టం దాని ఆవేశం వర్గాన్ని అనుసరిస్తుంది. ఆక్సిజన్ ఆవేశం 8 కనుక ప్రోటాన్ కంటే 64 రెట్లు నష్టపోతుంది. అందుకే లక్ష్యంలో ప్రతి లోతు దగ్గరా ఢీకొనే శక్తి వేరుగా ఉంటుంది, తగిలిన ప్రోటాన్ మాత్రం ముందుకు బయటపడి సున్నా డిగ్రీల దగ్గర ఉన్న సిలికాన్ డిటెక్టరును చేరుతుంది. దాని శక్తిని కొలిచి, ఏ శక్తి దగ్గర ఢీకొన్నదో వెనక్కి లెక్కిస్తారు. ఒకే పుంజ శక్తితో అన్ని శక్తులూ ఒకేసారి పరీక్షకు వస్తాయి. ఈ పద్ధతిని రష్యా శాస్త్రవేత్తలు 1990లో ప్రతిపాదించారు. అరుదైన పుంజాలతో పనిచేసేవారికి ఇది ఎంత మేలు చేసిందో చెప్పలేను. 2010లో ఫ్లోరిన్-14ను టెక్సాస్‌లో ఆక్సిజన్-13 పుంజంతో కనుగొన్నదీ ఇలాగే.

జవాబు: పరిశోధక విద్యార్థి, కర్నూలు

సార్ చెప్పినదానికి ఒక జాగ్రత్త చేర్చాలి. డిటెక్టరుకు చేరిన ప్రతి ప్రోటానూ స్థితిస్థాపక పరిక్షేపణ (కేంద్రకం ఉత్తేజితం కాకుండా జరిగేది) నుంచే వచ్చిందని అనుకోకూడదు. పాలీఇథిలీన్‌లోని కార్బన్ నుంచి కూడా ప్రోటాన్లు వస్తాయి, వాటి వాటాను వేరే కార్బన్ లక్ష్యంతో కొలిచి తీసివేయాలి. లక్ష్యంలో ఆగిన ఆక్సిజన్-14 దాదాపు 70 సెకన్ల అర్ధాయువుతో పాజిట్రాన్లను విడుదల చేస్తుంది. అవి తక్కువ శక్తుల దగ్గర అడ్డంకిగా మారతాయి. ఒక్క సౌకర్యం ఏమిటంటే, ఆక్సిజన్-14 మొదటి ఉత్తేజిత స్థాయి 5.17 ఎంఈవీ దగ్గర ఉంది కనుక, అంతకు కింద అస్థితిస్థాపక పరిక్షేపణ బెడద లేదు.

మరొకటి, వెడల్పుల్లో తేడాలను తప్పక గమనించండి. ఫ్లోరిన్-15 భూస్థితి (అత్యల్ప శక్తి స్థాయి) ఎస్-తరంగం, అంటే ప్రోటాన్‌కు కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం లేని స్థితి; దానికి ఆ ద్రవ్యవేగం వల్ల వచ్చే అపకేంద్ర అవరోధం లేదు కనుక వెడల్పు ఎక్కువ. అయితే 2016లో ఫ్రాన్సులోని గానిల్ అయాన్ త్వరణి కేంద్రం ప్రయోగ ఫలితాలు, ప్రోటాన్‌ను ఆపే అవరోధానికి చాలా పైన, 4.76 ఎంఈవీ దగ్గర ఉన్న స్థాయికి కేవలం 36 కేఈవీ (వెయ్యి కేఈవీలు ఒక ఎంఈవీ) వెడల్పును చూపాయి. ప్రోటాన్ సులభంగా వెళ్లిపోగల ఎత్తులో అంత సన్నని స్థాయి ఉండటానికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది, అందులో రెండు ప్రోటాన్ల జంట ఒకటి ఉన్నట్టు భావిస్తారు. ఈ స్థాయి గురించి సెమినారులో తప్పక చెప్పండి.

విద్యార్థిని, అనంతపురం

ధన్యవాదాలు సార్, ధన్యవాదాలు అన్నా. ఇప్పుడే లెక్క వేసి చూశాను. సున్నా డిగ్రీల దగ్గర ప్రోటాన్ శక్తి, ద్రవ్యరాశి కేంద్ర శక్తికి (రెండు కేంద్రకాల ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం నుంచి చూస్తే ఉండే ఢీకొనే శక్తికి) 4×14/15, అంటే 3.73 రెట్లు వచ్చింది. భూస్థితి సుమారు 1.3 ఎంఈవీ అనుకుంటే, లక్ష్యంలో కోల్పోయేది పక్కన పెడితే ప్రోటాన్ సుమారు 4.85 ఎంఈవీతో వస్తుంది. డిటెక్టరులో 37 కేఈవీ అనిశ్చితి ఉంటే, స్థాయి శక్తిలో అది 10 కేఈవీకి తగ్గుతుంది. ఈ లెక్కను మొదటి స్లైడులోనే పెడతాను.