"లేఖక పాఠకోత్తముల్" అంటే ఎవరు?

అందరికీ నమస్కారం. నెలకోసారి మా ఇంట్లో రాసుకునేవాళ్లం అయిదుగురం కూర్చుంటాం. పోయిన ఆదివారం కొత్తగా చేరినామె "ఇంటి పనితో రాయడం కుదరడం లేదండీ" అనగానే, మాలో పెద్దాయన ఒకరు అల్లసాని పెద్దన పేరుతో చెప్పుకునే చాటువు ఎత్తుకున్నారు.

నిరుపహతి స్థలంబు రమణీప్రియదూతిక తెచ్చి యిచ్చు క
ప్పుర విడె మాత్మకింపయిన భోజన ముయ్యెల మంచ మొప్పు త
ప్పరయు రసజ్ఞు లూహ తెలియంగల లేఖక పాఠకోత్తముల్
దొరికిన గాక యూరక కృతుల్ రచియింపు మటన్న శక్యమే!

ఉయ్యెలమంచం దగ్గరికి రాగానే అందరం నవ్వాం. ఎప్పుడూ అక్కడే నవ్వుతాం. కర్పూర తాంబూలం, ఇష్టమైన భోజనం, ఊగడానికి మంచం, ఇవన్నీ అమరితేనే కలం కదులుతుందట అని. ఆ రాత్రి పద్యాన్ని కాగితం మీద రాసుకుని చూస్తే మాత్రం నా చూపు మూడో పాదం మీద నిలిచిపోయింది. ఆయన అడిగినవి మొత్తం ఏడు. మొదటి నాలుగూ చోటు, తాంబూలం, తిండి, మంచం. తర్వాతి మూడూ మనుషులు. ఒప్పూ తప్పూ చూసే రసజ్ఞులు, ఊహ తెలిసిన లేఖకులు, ఊహ తెలిసిన పాఠకులు. సౌకర్యాలతో మొదలుపెట్టి మనుషుల దగ్గరికి వచ్చి ఆగిన పద్యం ఇది. మనం ముందు సగం విని నవ్వి, వెనక సగాన్ని వదిలేస్తున్నాం.

నాకు ముఖ్యంగా చెప్పాలనిపించింది 'లేఖక' అన్న మాట గురించి. ఇప్పుడు చాలామంది దీన్ని రచయిత అన్న అర్థంలో చదువుతున్నారు. హిందీలో లేఖక్ అంటే రచయితే కాబట్టి ఆ అలవాటు మనకూ అంటింది. ఈ పద్యంలో కృతి చెప్పేవాడు కవి. అతను చెబుతుంటే విని తాటాకు మీద గంటంతో రాసేవాడు లేఖకుడు. భారతం కథలో వ్యాసుడు వినాయకుడిని అడిగిందీ ఇదే మాటతో. "లేఖకో భారతస్యాస్య భవ త్వం గణనాయక" అన్నాడు. నా గంటం ఆగకూడదు అని వినాయకుడు షరతు పెడితే, అర్థం కాకుండా ఒక్క మాట కూడా రాయకూడదు అని వ్యాసుడు తిరుగు షరతు పెట్టాడు. "ఊహ తెలియంగల లేఖకుడు" అంటే ఇంతకన్నా వివరణ అక్కర్లేదు.

ఊహ అన్న మాట కూడా చూడండి. ఇవాళ మనం ఊహ అంటే కల్పన అనుకుంటాం. కానీ "నాకు ఊహ తెలిసినప్పటి నుంచి" అని ప్రతి ఇంట్లోనూ అంటారు కదా, అక్కడ ఊహ అంటే బుద్ధి, గ్రహింపు. పద్యంలో ఉన్నది ఆ మాటకు దగ్గర చుట్టం. కవి మనసులో మెదిలినదాన్ని పట్టుకోగలవాడు అని.

అలాంటి లేఖకుడు ఎలా ఉంటాడో చెప్పే కథ మనకు ఒకటి ఉంది. నెల్లూరులో తిక్కన భారతం చెబుతుంటే కుమ్మరి గురునాథుడు రాసేవాడని ప్రతీతి. ఎక్కడా తడుముకోకుండా చెబుతానని తిక్కన పంతం. దుర్యోధనుడు యుద్ధభూమి విడిచి ఒంటరిగా వెళ్లిపోయిన సంగతి సంజయుడు ధృతరాష్ట్రుడికి చెప్పే చోట పద్యం చివర తిక్కనకు మాట తోచలేదు. "ఏమి సెప్పుదుం గురునాథా" అన్నాడు. గురునాథుడు దాన్నీ రాసేసి ఊరుకున్నాడు. పద్యం పూర్తయిపోయింది! 'చెప్పుదున్' ద్రుతాంతం, అంటే చివర పొల్లు నకారం ఉన్న మాట, కాబట్టి దాని మీద 'కురునాథా' వచ్చినా కకారం గకారమై 'గురునాథా' అనే వినిపిస్తుంది. కవి తన లేఖకుణ్ణి పిలిచాడు, పద్యంలో సంజయుడు కురునాథుడైన ధృతరాష్ట్రుణ్ణి పిలిచాడు. ఇది జరిగిందా, కట్టుకథా అని వాదించుకోవచ్చు. కానీ మన వాళ్లు ఒక లేఖకుడి పేరును కవి పేరు పక్కన ఇన్ని వందల ఏళ్లు నిలబెట్టుకున్నారు. అది నాకు చాలా ఇష్టం.

నాకూ ఒక లేఖకురాలు ఉంది. నా కథలు డీటీపీ చేసే అమ్మాయి. నా చేతిరాత ఆమె తప్ప ఎవరూ చదవలేరు. ఒకసారి ఫోన్ చేసి "మేడం, మూడో పేజీలో తాత చేతికర్ర బస్సులో మర్చిపోయాడు కదా, మరి ఏడో పేజీలో అదే కర్రతో కుక్కను ఎలా అదిలిస్తాడు?" అంది. ఆ కథను అప్పటికి నేను నాలుగుసార్లు దిద్దాను. నలుగురికి చదివి వినిపించాను. ఎవరికీ కనబడలేదు. టైపు చేసిన మనిషికి కనబడింది, ఎందుకంటే ఆమె అక్షరాలతో పాటు తాతనూ చూస్తూ వచ్చింది. పద్యంలో 'ఊహ తెలియంగల' అన్న విశేషణం ఎందుకుందో నాకు ఆ రోజు తెలియలేదు, ఇప్పుడు తెలిసింది.

ఇక పాఠకుడు. పఠించేవాడు పాఠకుడు, అంటే పైకి చదివేవాడు. ఒకరు పద్యం చదువుతుంటే ఇంకొకరు అర్థం చెప్పే పురాణ కాలక్షేపాలు చూసినవారికి ఇది తెలిసే ఉంటుంది. తాటాకు మీద పద్యాన్ని నాలుగు పాదాలుగా విడగొట్టి రాసేవారు కాదు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండేది కాదు. ఎక్కడ విరవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చదివేవాడే తేల్చుకోవాలి. పై పద్యాన్నే అలా గుక్క తిప్పకుండా రాసి చూడండి, "తప్పరయు" దగ్గర కొత్తవాళ్లు "తప్ప" అని ఆగిపోతారు. పాఠకుడికి ఊహ తెలియకపోతే కవి మాట సభకు చేరదు. ఇవాళ పత్రికలవాళ్లు రాసే 'పాఠకులు' వేరు, ఆ పాఠకుడు వేరు. మౌనంగా చదువుకునేవారికి నాకైతే 'చదువరి' అన్న మాటే బాగుంటుంది.

కడపలో సి.పి. బ్రౌన్ ఇంట్లో జరిగిన పనిని కూడా ఈ పాదంతోనే అర్థం చేసుకోవచ్చు. ఒకే కావ్యానికి అనేక తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితులకు జీతాలిచ్చి పోల్చి చూపించి, సరిచేసిన ప్రతులు రాయించాడు. 1829లో ఆయన అచ్చు వేయించిన వేమన పద్యాలు మన చేతికి వచ్చాయంటే, వెనక చదివినవాళ్లూ రాసినవాళ్లూ ఎంతమందో!

కింద అడిగినవారికి ఇక్కడే జవాబులు రాస్తున్నాను.

మూడో పాదంలో యతి తప్పిందేమో అన్నారు. తప్పలేదండీ. ఇది చంపకమాల, ఇందులో పాదం మొదటి అక్షరానికీ పదకొండో అక్షరానికీ మైత్రి కుదరడమే యతి. మొదటి అక్షరం 'ప్ప', పదకొండోది 'యం'. పకారానికీ యకారానికీ మైత్రి లేని మాట నిజమే. కానీ అక్కడున్నది తప్పు + అరయు. సంధిలో కలిసిన 'అ' అచ్చు యతికి నిలబడుతుంది. అకారానికి యకారంతో మైత్రి ఉంది. చంపకమాలలో ఇలా అచ్చు మీద యతి చెల్లించడం కవులకు మామూలే.

'రమణీప్రియదూతిక' ఒక సమాసమా, రెండు మాటలా అన్న ప్రశ్నకు నేను సమాసంగానే చదువుతాను. ప్రియురాలికి ఇష్టమైన దూతిక అని. దాని మీద వేరే చర్చ పెడదాం, ఇక్కడ పెడితే మళ్లీ తాంబూలం దగ్గరే ఆగిపోతాం.

'అరయు' అంటే తప్పులు పట్టడమా అని ఇంకొకరు అడిగారు. అరయడం అంటే బాగా చూడడం, విచారించడం. పైగా 'ఒప్పు' ముందుంది. ఛందస్సు కోసం అలా పడిందని అనవచ్చు. అయినా తోటివాళ్ల రచన చేతికి వచ్చినప్పుడు నేను ఆ వరసలోనే చూస్తున్నాను, ముందు ఒప్పు.

చివరిగా 'ఊరక'. మేము 'ఊరికే' అంటాం. మా బృందంలో పద్యం చదివిన పెద్దాయనది నల్లగొండ వైపు. నాలుగో పాదానికి ఆయన చెప్పిన అర్థం "ఉత్తగనే రాయుమంటె ఎట్లయితది?" అని. ఇంత సూటి తాత్పర్యం నేను ఇంతవరకూ వినలేదు. ఆయన ముప్పై ఏళ్లుగా నోటుపుస్తకాల్లో కథలు రాసుకుంటున్నారట. ఎవరికీ చూపించలేదు. "ఎవరైనా అడిగితేగా" అన్నారు. ఆ రోజు ఒక పుస్తకం అడిగి తీసుకున్నాను. బావి పూడ్చేసిన రోజు ఊళ్లో ఎవరెవరు ఏమేం చేశారన్నది మొదటి కథ. 'ఉత్తగ' అన్న మాట అందులో ఆరుసార్లు వచ్చింది, ఆరుచోట్లా వేరు వేరు బరువుతో. ఒకచోట ఖాళీగా, ఒకచోట కారణం లేకుండా, ఒకచోట ఉచితంగా. ఆఖరిసారి వచ్చినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా బృందంలో ఇప్పుడు ఒక చిన్న మార్పు చేసుకున్నాం. ఎవరు రాసింది వాళ్లు చదవరు, ఇంకొకరు పైకి చదువుతారు. వచ్చే ఆదివారం ఆ బావి కథ చదివే వంతు నాది. ఆ యాస నా నోట పాడైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. రోజూ పొద్దున ఒక పేజీ పైకి చదివి, ఆయనకు ఫోన్‌లో వినిపించి దిద్దించుకుంటున్నాను.

మీ ఊళ్లలో 'ఊరక'కు ఏమంటారో, ఏ సందర్భంలో అంటారో కింద రాయండి. మాటతో పాటు ఒక వాక్యం కూడా ఇస్తే మేలు.