కొత్త గ్రాఫిక్స్ కార్డ్ వేశాక పీసీ ఆగిపోతుంటే ఎస్ఎంపీఎస్ (పీసీకి పవర్ ఇచ్చే డబ్బా) వెంటనే మార్చెయ్యాలా, ముందు చెక్ చేసుకోవాలా?

అడిగినవారు:
అన్నలూ, 1660 సూపర్ తీసేసి సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3070 వేశా. ప్రాసెసర్ రైజెన్ 5 3600, ఎస్ఎంపీఎస్ 550 వాట్స్, ఐదేళ్ళ పాతది. సినిమాలు అవీ బానే ప్లే అవుతున్నాయి, గేమ్ లోడయ్యి మ్యాప్ రాగానే టక్‌మని మొత్తం ఆగిపోయి రీస్టార్ట్ అవుతోంది. కార్డ్ అమ్మినతను నీ ఎస్ఎంపీఎస్సే అంటాడు, షాపులో కార్డే పోయిందంటారు.

జవాబు 1:
ఎస్ఎంపీఎస్ పీకేసి 850 వాట్స్ గోల్డ్ రేటింగ్‌ది వేసెయ్ బ్రో. టెస్టులంటూ కూర్చుంటే టైం వేస్ట్.

జవాబు 2:
బ్రో వేసెయ్ అనడం ఈజీనే, వేలు పెట్టి కొన్నాక కూడా ఆగిపోతే? తమ్ముడూ, ముందు పక్క డోర్ తీసి ఎస్ఎంపీఎస్ స్టిక్కర్ మీద 12 వోల్ట్ దగ్గర ఎన్ని ఆంప్స్ ఉన్నాయో చూడు, కార్డ్‌కీ ప్రాసెసర్‌కీ పవర్ వచ్చేది ఆ లైన్ నుంచే, 550 అనే అంకె చూసి లాభం లేదు. కార్డ్‌కి రెండు 8 పిన్ పవర్ సాకెట్లుంటే ఒకే కేబుల్‌కి ఉన్న రెండు తలలు పెట్టావా, వేరువేరు కేబుల్సా? ఆ తర్వాత ఆఫ్టర్‌బర్నర్‌లో (కార్డ్ సెట్టింగ్స్ మార్చే సాఫ్ట్‌వేర్) పవర్ లిమిట్ 70 శాతానికి దించి అదే గేమ్ ఆడు. విండోస్ లాగ్స్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అనే ఎర్రర్ కనపడితే కంగారు పడకు, సరిగ్గా షట్‌డౌన్ కాలేదని చెప్తుంది అంతే, ఎందుకో చెప్పదు.

అడిగినవారు:
స్టిక్కర్ మీద 12 వోల్ట్ 33 ఆంప్స్ ఉందన్నా. ఒకే కేబుల్ పెట్టా, రెండోది వేశాక కూడా ఆగింది. 70కి దించితే రెండు గంటలు ఆడా, ఒక్కసారీ ఆగలేదు.

జవాబు 1:
చూశావా, నేను ముందే చెప్పా.

జవాబు 2:
ఇంకా తేలలేదు బ్రో, కార్డ్‌లో లోపమున్నా లిమిట్ తగ్గిస్తే ఆగకపోవచ్చు. 33 ఆంప్స్ అంటే 396 వాట్సే, అది మాత్రం అనుమానమే. 3070కి 220 వాట్స్ అని రాసేది సగటు లెక్క, క్షణంలో చిన్న వంతు సేపు అంతకంటే చాలా పైకి లేచి దిగుతుంది, అది చూసి పాత ఎస్ఎంపీఎస్ ఓవర్‌లోడ్ అనుకుని కట్ చేసేస్తుంది. తెలిసినవాళ్ళ పీసీలో మంచి ఎస్ఎంపీఎస్ ఉంటే కార్డ్ అందులో పెట్టి ఫుల్ పవర్‌లో ఆడి చూడు.

అడిగినవారు:
మా బావ పీసీలో 750 ఉంది, సాయంత్రమంతా ఫుల్ పవర్‌లో ఆడాం, ఏం కాలేదు. కార్డ్ బానే ఉందన్నమాట! మరి 850 కొనాలా?

జవాబు 2:
అక్కర్లేదు, ఎన్విడియా వాళ్ళే 3070కి 650 చెప్తున్నారు, మంచి కంపెనీది అది చాలు. ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకో, పాతది మాడ్యులర్ (కేబుల్స్ ఊడదీసే రకం) అయితే దాని కేబుల్స్ కొత్తదానికి పెట్టకు. ప్లగ్ పట్టినా ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకంగా ఉంటుంది, 12 వోల్ట్ తప్పు పిన్నులోకి వెళ్తే హార్డ్ డిస్క్ కాలిపోతుంది. పాత కేబుల్స్ అన్నీ పీకి బయట పెట్టాకే కొత్తది బిగించు.