సాయంత్రం ఐదింటికి నేను తినేస్తున్నాను, రాత్రి పదింటికి వాళ్లు తింటున్నారు. వలెన్సియాలో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

పొదలకూరు_నిమ్మతోట

అక్కలకీ అన్నలకీ నమస్కారం. మాది పొదలకూరు దగ్గర పల్లె, నాన్నకి నాలుగెకరాల నిమ్మతోట. మాస్టర్స్ కోసం సెప్టెంబర్ రెండో వారంలో స్పెయిన్‌లోని వలెన్సియాకి వచ్చాను. ఐదు వారాలైంది. బెనిమాక్లెత్ అనే పేటలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో నాదొక గది. మిగతా రెండు గదుల్లో గ్రనాడా అమ్మాయి ఒకరు, కొలంబియా అమ్మాయి ఒకరు. ఇద్దరూ మంచివాళ్లు. నేను దిగిన రోజు ఇరవై మూడు కిలోల సూట్‌కేసుని చెరో వైపు పట్టుకుని పైకి మోసుకొచ్చారు.

నా బాధ వినడానికి చిన్నదే. అమ్మ రాత్రి ఎనిమిదిన్నరకి అన్నం తింటుంది. ఇక్కడ అప్పుడు సాయంత్రం ఐదు. నేనూ అదే వేళకి కంచం పెట్టుకుని, ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి, వీడియో కాల్‌లో అమ్మతో పాటు తింటాను. నాన్న కాయ కోతప్పుడు తోట దగ్గరే పడుకుంటాడు. నేను లేకపోతే అమ్మ ఒక్కతే తినాలి. ఏం కూర చేశావు, పులుపు సరిపోయిందా అని అడుగుతుంది. రోజంతా ఆ అరగంట కోసమే ఎదురుచూస్తాను.

తర్వాత కాసేపు చదువుకుని తొమ్మిదిన్నరకి పడుకుంటాను. సరిగ్గా అప్పుడే వాళ్లు వంట మొదలుపెడతారు. వెల్లుల్లి వేగే వాసన, గిన్నెల చప్పుడు, నవ్వులు తలుపు కింది నుంచి గదిలోకి వస్తాయి. మొదటి వారంలో గ్రనాడా అమ్మాయి తలుపు కొట్టి "థేనాస్?" అంది. భోంచేస్తావా అని. తిన్నానని చెప్పాను. ఇంకో రోజు అడిగింది, మళ్లీ అదే చెప్పాను. మూడు వారాల నుంచి అడగడం లేదు. ఇంట్లో ముగ్గురం ఉన్నాం, నేను మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా రోజులు గడిచిపోతున్నాయి.

భాష కూడా రావట్లేదు. నాలుగు నెలలు యాప్‌లో నేర్చుకుని వచ్చాను. బయటికి దారి అంటే "సాలీద" అని నేర్చుకుంటే, ఇక్కడ మెట్రోలో "ఎయ్‌షీద" అని రాసి ఉంది.

ఇంకో టెన్షన్. గది కాంట్రాక్ట్ నా పేరు మీదే ఉంది, కానీ ఓనర్ ఎంపాద్రొనామియెంతొ, అంటే ఈ అడ్రసు మీద మున్సిపాలిటీలో పేరు రాయించుకోవడం, చేయించుకోవద్దంటున్నాడు. ఫారినర్స్ కార్డుకి వేలిముద్రల అపాయింట్‌మెంట్ ఎంతకీ దొరక్క, చివరికి వచ్చే నెల మొదట్లో దొరికింది. దానికి ఈ కాగితం అడుగుతారంట. ఓనర్‌తో గొడవ పడాలా?

అన్నట్టు, ఇక్కడి బియ్యం వండితే ముద్దయిపోతోంది. ఏది కొనాలో కూడా చెప్పండి.

కందుకూరు_అక్క

చెల్లీ, నేను రెండేళ్లు వలెన్సియాలోనే చదివాను, ఇప్పుడు ఒంగోలులో ఉన్నాను. ముందు కాగితం సంగతి తేల్చుకో, ఆలస్యం చేయొద్దు. స్పెయిన్‌లో ఉండే ప్రతి మనిషీ తాను ఉంటున్న ఊరి మున్సిపాలిటీలో పేరు రాయించుకోవాలని చట్టమే చెబుతోంది. అది ఓనర్ ఇచ్చే అనుమతి కాదు. కాంట్రాక్ట్ నీ పేరు మీద, సంతకాలతో ఉంది కాబట్టి అది, పాస్‌పోర్టు పట్టుకుని వెళ్లు. ఓనర్ రానక్కర్లేదు. గొడవ కూడా అక్కర్లేదు, "కార్డుకి కావాలండీ, చేయించుకుంటున్నాను" అని ఒక్క మెసేజ్ పెట్టు, చాలు. కార్డుకి నెలలోపు అప్లై చేయాలని రూలు, కాబట్టి నువ్వు అపాయింట్‌మెంట్ కోసం ప్రయత్నించిన స్క్రీన్‌షాట్లు దాచుకో. అపాయింట్‌మెంట్ అమ్ముతామని ఎవరైనా వస్తే ఒక్క యూరో కూడా ఇవ్వకు. అది ఉచితం.

ఇక నీ అసలు బాధ. నువ్వు చిన్నదన్నావు గానీ, అది చిన్నది కాదు తల్లీ. నేను మొదటి ఆరు నెలలూ మన టైముకి తిని, మన టైముకి పడుకున్నాను. ఆ ఆరు నెలల్లో ఒక్క స్నేహం కూడా కలవలేదు. అక్కడ మధ్యాహ్నం భోజనం రెండున్నర, మూడు. రాత్రి భోజనం తొమ్మిదిన్నర, పది. మనుషులు దగ్గరయ్యేది క్లాసులో కాదు, ఆ రెండు వేళల్లోనే. తిన్నాక కూడా గంటసేపు బల్ల దగ్గరే కూర్చుని మాట్లాడుకుంటారు, దానికి "సోబ్రెమేసా" అని ప్రత్యేకంగా పేరే ఉంది.

అలాగని అమ్మని వదిలెయ్యమనను. సాయంత్రం ఐదు ఆ ఊళ్లో "మెరియెందా" వేళ, అంటే మన సాయంత్రం చిరుతిండి లాంటిది. అమ్మ అన్నం తింటుంటే నువ్వు ఎదురుగా కూర్చుని ఏదైనా తాగు, కాస్త కొరుకు. ఫోన్ మాత్రం ఆ ఉప్పు డబ్బాకే ఆనించు. అక్టోబర్ ఆఖరి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి జరుపుతారు, అప్పటి నుంచి తేడా నాలుగున్నర గంటలు. అమ్మ భోజనం వేళకి నీకు నాలుగే అవుతుంది, ముందే చెప్పి ఉంచు.

ఏం తాగాలో కూడా చెప్తాను. మీ బెనిమాక్లెత్‌ని ఆనుకునే అల్బొరాయా అని చిన్న ఊరుంది, నడిచే వెళ్లొచ్చు. ఓర్చాతకి పేరున్న ఊరు. "చూఫా" అనే చిన్న దుంపల్ని నానబెట్టి, రుబ్బి, వడకట్టి, చక్కెర కలిపి చల్లగా ఇస్తారు. పక్కన ముంచుకోవడానికి ఫర్తోన్స్ అనే పొడవాటి మెత్తటి తీపి రొట్టెలు. ఆ చూఫా ఏ మొక్కో తెలుసా? మన మళ్లల్లో కలుపు తీస్తూ పీకి గట్టు మీద పారేసే తుంగ ఉంది కదా, దాని దాయాది. మా నాయన జీవితమంతా తుంగతో వేగాడు. అదే జాతి మొక్కని సాళ్లు తీసి, నీళ్లు కట్టి, పంటగా పెంచుతున్న చేలు చూసి నేను గట్టు మీద నిలబడిపోయాను. ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి గంటసేపు దాని గురించే మాట్లాడాను. మీ నాన్నకి తప్పకుండా ఫోటో పంపు.

ఇక రాత్రి బల్ల. వాళ్లు నిన్ను రెండుసార్లు అడిగారు, ఈసారి పిలవాల్సింది నువ్వే. నేనేం చేశానో చెప్తాను. ఒక శనివారం పొద్దున్నే మెర్కాత్ సెంత్రాల్‌కి వెళ్లాను. 1928లో తెరిచిన మార్కెట్ అది, పెద్ద గుమ్మటం, లోపల చేపలకి విడిగా ఒక భాగం. మధ్యాహ్నం మూడింటికల్లా మూసేస్తారు, ఆదివారం ఉండదు. కొరమేను దొరకదు కాబట్టి లుబీనా అనే సముద్రపు చేప తీసుకుని, ముక్కలు మందంగా కొట్టించాను. చింతపండు ఏషియన్ షాపులో దొరికింది. మామిడికాయ లేదు, పోనీ అనుకున్నాను. శనివారం రాత్రి పులుసు పెట్టి దించి, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆదివారం రాత్రి పదింటికి మూత తీశాను. మన చేపలపులుసు తెల్లారితేనే కదా పులుసయ్యేది. నా రూమ్మేట్ ఒక ముక్క తిని ఏమీ అనలేదు. లేచి వెళ్లి రొట్టె తెచ్చి, తుంచి, పులుసులో అద్దుకుని తిన్నది. తర్వాత నా చేతిలోనూ ఒక ముక్క పెట్టింది. అన్నంతో తప్ప పులుసు తినని నేను ఆ రాత్రి రొట్టెతో గిన్నె అడుగు దాకా తుడిచాను.

బియ్యం: ప్యాకెట్ మీద "రెదొందొ" అంటే గుండ్రటివి, పాయెల్లా రకం, రసం అంతా పీల్చుకుంటాయి. నీకు ముద్దవుతున్నది అదే. అది పెరుగన్నానికి ఉంచుకో, ఇంకాస్త నీళ్లు పోసి వండి మెదిపితే వెన్నలా ఉంటుంది. రోజూ తినడానికి "లార్గొ" అని రాసింది కొను. "వపొరిథాదొ" అంటే ఉప్పుడు బియ్యం.

ఆదివారం మధ్యాహ్నం ఎవరైనా పాయెల్లాకి పిలిస్తే వెళ్లు. కోడి, కుందేలు మాంసం, పెద్ద తెల్ల చిక్కుడు గింజలు వేస్తారు. చాలా ఇళ్లల్లో పెనం మధ్యలో పెట్టి, ఎవరి ముందున్న భాగం వాళ్లు అందులోంచే చెంచాతో తింటారు.

చీమకుర్తి_నల్లరాయి

చెల్లీ, అక్క భోజనం గురించి అంతా చెప్పింది. నేను భాష గురించి చెప్తా. "ఎయ్‌షీద" అన్నది వలెన్సియన్ మాట. ఆ ప్రాంతంలో స్పానిష్‌తో పాటు అదీ అధికార భాషే. బోర్డుల మీద ఉంటుంది, భయపడకు, నీతో అందరూ స్పానిష్‌లోనే మాట్లాడతారు.

మనకి ఒక అదృష్టం ఉంది. స్పానిష్‌లో త, ద మన తెలుగు త, ద లాగే నాలుక పళ్లకి తగిలించి పలుకుతారు. మనమే ఇంగ్లీషు అలవాటుతో ట, డ అంటాం. టొమాటె కాదు, తొమాతె. ఇది సరిచేసుకున్న వారంలోనే కొట్లో వాళ్లు నన్ను రెండోసారి అడగడం మానేశారు. మామూలు ర, బండి ఱ తేడా కూడా వాళ్లకి ఉంది. "పెరొ" అంటే కానీ. "పెఱ్ఱొ" అంటే కుక్క.

ఈ ఱ నాకు ఎక్కడ పట్టుబడిందో చెప్తా. 2024 అక్టోబర్ 29న వలెన్సియా దక్షిణం వైపు ఊళ్లని వరద ముంచేసింది. రెండు వందల మందికి పైగా పోయారు. మేముండే నగరం మధ్యలో నీళ్లు రాలేదు. 1957 వరద తర్వాత తూరియా నదిని ఊరి బయటికి మళ్లించారు, నువ్వు రోజూ చూసే ఆ పొడవాటి పార్కు పాత నది గర్భమే. నవంబర్ 1 సెలవు. నా ఫ్లాట్‌లో వాళ్లు చీపుర్లు, పారలు తీసుకుని బయల్దేరుతుంటే నేనూ వెనకాలే వెళ్లాను. అప్పటికి సంవత్సరం నుంచి ఒకే ఇంట్లో ఉంటున్నాం, "ఓలా" తప్ప మాట లేదు. నదిని మళ్లించిన ఆ కొత్త కాలువ మీది వంతెన దాటి వేలమంది నడిచారు. 2021 నవంబర్‌లో పెన్న పొంగినప్పుడు కోవూరులో మా పెద్దమ్మ ఇల్లు చూశాను, అదే వాసన ఇక్కడా. ఒక అవ్వ ఇంట్లో మధ్యాహ్నం దాకా బురద తోడాం. "బాఱ్ఱొ, బాఱ్ఱొ" అంటూనే ఉందామె. బురద అని. ఆమె మాటల్లో సగం కూడా నాకు అర్థం కాలేదు, పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ రాత్రి నేనూ, నా రూమ్మేట్సూ ఒకే సబ్బుతో చేతులు కడుక్కుని ఒకే బల్ల మీద తిన్నాం.

తప్పులైనా మాట్లాడు చెల్లీ. వాళ్లు విసుక్కోరు.

నెల్లూరు_అమ్మ

అమ్మాయ్, మా వాడూ స్పెయిన్‌లోనే, సలమాంకా అనే ఊళ్లో చదువుతున్నాడు. మీ అమ్మ తరఫున ఒక మాట చెప్తా. నాకు వాడు నాతో పాటు అన్నం తినక్కర్లేదు. ఆ వేళకి ముఖం కనబడితే నా ముద్ద దిగుతుంది. వాడు పాలు తాగుతూ కూర్చున్నా నాకు అదే. రాత్రి వాడు ఎవరితోనో కలిసి తిన్నాడని తెలిస్తే నేను ఇంకా బాగా నిద్రపోతాను. మీ అమ్మకి ఉన్నది ఉన్నట్టు చెప్పు. చేపలపులుసులో ఆఖర్న రెండు మెంతిగింజలు వేయించి పొడి కొట్టి వెయ్యి, మర్చిపోకు.

పొదలకూరు_నిమ్మతోట

అందరికీ చాలా చాలా థాంక్స్. ఓనర్‌కి అక్క చెప్పినట్టే మెసేజ్ పెట్టాను. తిరిగి ఏమీ అనలేదు. పేరు రాయించుకోవడానికి మంగళవారం వెళ్లాను, కాంట్రాక్ట్, పాస్‌పోర్టు చూసి పని చేసేశారు. కాగితం చేతిలో ఉంది.

గురువారం అల్బొరాయా వెళ్లి ఓర్చాత తాగుతూ అమ్మకి కాల్ చేశాను. రాత్రి వాళ్లతో తింటానని చెప్తే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే రేపట్నుంచి వాళ్లేం వండారో నాకు చెప్పాలి" అంది. చూఫా చేను ఫోటో నాన్నకి పంపాను. నాన్న మెసేజ్‌లు పెట్టడు, ఫోన్ చేశాడు. "ఎకరాకి ఎంత దిగుబడి వస్తుందో కనుక్కో" అన్నాడు.

ఇవాళ లుబీనా తెచ్చాను. మెంతిపొడి అమ్మ పంపిన డబ్బాలో ఉంది. ఇందాకే పులుసు దించి మూత పెట్టాను. గ్రనాడా అమ్మాయి వంటింట్లోకి వచ్చి, మూత కొంచెం తెరిచి, వాసన చూసి నా వైపు తిరిగింది. చేత్తో వద్దని చెప్పాను.

"మన్యానా?" అంది. రేపా అని.

"మన్యానా. అ లాస్ దియెథ్" అన్నాను. రేపు పదింటికి.