ఫంక్షన్లు కలిపి గ్రాఫు గీయడం: చేత్తోనా, ఫోన్లోనా?

ఎంపీసీ నాన్న, తిరుపతి
మా పాప ఇంటర్ ఫస్టియర్. కాలేజీలో సార్ రెండు ఫంక్షన్లు ఇచ్చి, వాటిని కూడి, గుణించి, ఒకదాంట్లో ఇంకోటి పెట్టి, వచ్చినదాని గ్రాఫు చేత్తో గీసుకు రమ్మంటున్నారు. రాత్రి పదకొండయినా పిల్ల గ్రాఫు షీటు ముందే ఉంటోంది. డెస్మోస్ అనే గ్రాఫులు గీసే యాప్‌లో కొడితే క్షణంలో వచ్చేదానికి ఇంత టెన్షన్ అవసరమా?

లెక్కల మేడమ్, చిత్తూరు
అవసరమేనండీ. ఎక్స్ ప్లస్ సైన్ ఎక్స్ తీసుకోండి. ముందు వై ఈక్వల్ టు ఎక్స్ గీత గీయాలి. సున్నా, పై (π), రెండు పై దగ్గర సైన్ సున్నా కాబట్టి చుక్క ఆ గీత మీదే పడుతుంది. పై బై 2 దగ్గర గీతకు 1 ఎత్తున, 3 పై బై 2 దగ్గర 1 కిందికి పడుతుంది. చుక్కలు కలిపితే గీతను చుట్టుకుంటూ ఎక్కే అల వస్తుంది. పై దగ్గర వాలు సున్నా అవుతుంది, మళ్లీ ఎక్కుతుంది, ఎక్కడా దిగదు. ఎందుకు దిగదు? వాలు 1 ప్లస్ కాస్ ఎక్స్, అది నెగెటివ్ కాలేదు. గీసిన పిల్లకే ఆ ‘ఎందుకు’ అడగాలనిపిస్తుంది. పైగా జేఈఈ హాల్లోకి కాలిక్యులేటర్ కూడా రానివ్వరు.

బీటెక్ తమ్ముడు, తిరుపతి
మేడమ్, అదే సైన్ ముందు 2 పెడితే? 3 పెడితే? ఒక్కోదానికి ఒక్కో షీటు గీసే ఓపిక ఎవరికుంటుంది? డెస్మోస్‌లో ఆ అంకెను మార్చే స్లైడర్ జరిపితే, అంకె 1 దాటగానే గ్రాఫు కొంచెం దిగి మళ్లీ ఎక్కడం కళ్లముందే కనబడుతుంది. మెషీన్‌తో కూడటం కొత్తేమీ కాదు. తర్వాత లార్డ్ కెల్విన్ అయిన విలియం థామ్సన్ 1872లోనే చక్రాలు, కప్పీలతో కాస్ తరంగాలను కూడి, సముద్రపు ఆటుపోట్లను ముందే గీసి చూపే యంత్రం తయారుచేశాడు. చేత్తో కూడటం మరీ కష్టం కాబట్టే కదా!

హాస్టల్ స్టూడెంట్, పలమనేరు
మా హాస్టల్లో ఫోన్లు ఉంచనివ్వరన్నా. మాకు గ్రాఫు షీటే దిక్కు.

లెక్కల మేడమ్, చిత్తూరు
స్లైడర్ సంగతి ఒప్పుకుంటాను బాబూ, క్లాసులో నేనూ చూపిస్తాను. నా బాధ వేరు. ఎక్స్ స్క్వేర్ మైనస్ 1ని ఎక్స్ మైనస్ 1తో భాగించి డెస్మోస్‌లో కొట్టండి. తెగని సరళరేఖ వస్తుంది. ఎక్స్ 1 అయినచోట కింద సున్నా వస్తుంది కాబట్టి అక్కడ ఫంక్షనే లేదు, గ్రాఫులో చిన్న ఖాళీ సున్నా చుట్టాలి. స్క్రీన్ మీద ఆ చోట నొక్కితే తప్ప అది కనబడదు. లేదని తెలియని పిల్ల అక్కడ ఎందుకు నొక్కుతుంది?

రెండు ఫంక్షన్లు కూడినా, గుణించినా రెండూ ఉన్నచోటే కొత్తదీ ఉంటుంది. భాగిస్తే కిందిది సున్నా అయ్యే చోట్లు కూడా తీసేయాలి. పెన్సిల్ పట్టుకునే ముందు ఇది చూసుకోవడమే అసలు లెక్క. లాగ్‌లో సైన్ ఎక్స్ పెట్టినప్పుడు సున్నా నుంచి పై దాకా గ్రాఫు ఉంటుంది, పై నుంచి రెండు పై దాకా సైన్ నెగెటివ్, దానికి లాగ్ లేదు కాబట్టి ఏమీ ఉండదు. సగం షీటు ఖాళీగా వదలడానికి మా పిల్లలు భయపడతారు. ఆ భయం పోవాలంటే వాళ్లే గీయాలి.

బీటెక్ తమ్ముడు, తిరుపతి
ఖాళీ సున్నా విషయం నిజమే మేడమ్. అయినా పదకొండింటి దాకా కూర్చోబెట్టడం తప్పే అంటాను. రెండు చేత్తో, మిగతావి ఫోన్లో ఇస్తే చాలు.

ఎంపీసీ నాన్న, తిరుపతి
ఆ రెండు ఏవో చెప్పండి మేడమ్.

లెక్కల మేడమ్, చిత్తూరు
సైన్ లోపల ఎక్స్ స్క్వేర్ ఒకటి, మొత్తం సైన్ ఎక్స్‌కి స్క్వేర్ ఇంకోటి. మొదటిదాంట్లో అలలు పోనుపోను దగ్గరపడతాయి, రెండోదాంట్లో సమంగా ఉండి 0, 1 మధ్యే తిరుగుతాయి. ఈ ముక్క మాత్రం పాపకి ముందే చెప్పకండి.